నీటి అడుగున నాలుగు సెల్లులు

ఫిలిప్పీన్స్‌లో మలపాస్కువా అని ఒక చిన్న దీవి ఉంది. అక్కడ లైట్‌హౌస్ అని పిలిచే చోట, పొద్దు గుంకకముందే డైవర్లు నీళ్లలోకి దిగి, విరిగిన పగడాల గుట్ట పక్కన కదలకుండా ఎదురుచూస్తారు. వాళ్లు చూడవచ్చింది మాండరిన్ చేపల జంటను. చూపుడువేలంత ఉండే ఈ చేప ఒంటి మీద నీలం, నారింజ గీతలు మెలికల ముగ్గులా అల్లుకుని ఉంటాయి. చీకటి పడబోయే వేళ ఆడదీ మగదీ ఒకదానికొకటి ఆనుకుని, పగడాల సందులోంచి మీటరు ఎత్తు దాకా లేచి, గుడ్లు వదిలి, రెప్పపాటులో కిందికి జారిపోతాయి. అంతా కలిపి కొద్ది సెకన్ల తంతు. జంట పైకి లేవగానే ఫోటోగ్రాఫర్ ఒక షాట్ కొడతాడు. ఫోకస్ కుదరలేదు. ఇంకొకటి కొడదామంటే స్ట్రోబు (నీళ్లలో వాడే ఫ్లాష్) వెనక వెలగాల్సిన చిన్న దీపం ఇంకా వెలగలేదు. అది వెలిగేసరికి అక్కడ చేపలు లేవు.

లక్షలు పోసి కొన్న కెమెరా, దానికి నీరు చొరబడని పెట్టె, విమాన ఛార్జీలు, డైవింగ్ ఫీజులు, ఏడాదిగా దాచుకున్న సెలవులు అన్నీ కలిసి ఆ సాయంత్రానికి దారితీశాయి. ఆ సాయంత్రాన్ని పోగొట్టింది కొన్ని వందల రూపాయలకు వచ్చే నాలుగు పెన్సిల్ సెల్లులు. నీటి అడుగున ఫోటోలు తీసేవాళ్లు లెన్సుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. సెల్లుల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఏవి దొరికితే అవి సంచిలో వేసుకుంటారు. దెబ్బ తగిలేది అక్కడే.

నీళ్లలో ఫ్లాష్ ఎందుకు కావాలో ఒకసారి లోపలికి దిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఐదారు మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమవుతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు వరసగా తగ్గిపోతాయి. పది మీటర్ల లోతున ఎర్రటి పగడం బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఆ రంగు తిరిగి రావాలంటే తెల్లటి వెలుగును మనమే వెంట తీసుకెళ్లి, దగ్గర నుంచి దాని మీద కొట్టాలి. 1926లో ఫ్లోరిడా దగ్గర డ్రై టోర్టుగాస్ దీవుల్లో విలియం లాంగ్లీ అనే శాస్త్రవేత్త, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఫోటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ కలిసి, నీటి మీద తేలే తెప్పపై మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగులో మొదటిసారి సముద్రం లోపలి రంగుల ఫోటోలు తీశారు. అవి 1927 జనవరి సంచికలో అచ్చయ్యాయి. తరువాత ఎం.ఐ.టి. ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్ ఫ్లాష్‌ను తీర్చిదిద్ది, 1950లలో దాన్ని సముద్ర అన్వేషకుడు కూస్తో బృందంతో కలిసి సముద్రంలోకి దించాడు. కూస్తో ఓడ కలిప్సో సిబ్బంది ఎడ్జర్టన్‌ను ముద్దుగా 'పాపా ఫ్లాష్' అని పిలిచేవారు. ఈనాటి స్ట్రోబులో జినాన్ గొట్టం, కెపాసిటర్, బ్యాటరీ ఉంటాయి. కెపాసిటర్ నింపుకున్న శక్తినంతా గొట్టం ఒక్క మెరుపులో ఖర్చు చేస్తుంది. దాన్ని మళ్లీ నింపడం సెల్లుల పని. ఎంత త్వరగా నింపగలవన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

ఈ బాధ మన పెళ్లి ఫోటోగ్రాఫర్లకు బాగా తెలుసు. ముహూర్తం దగ్గరపడి, తెర అడ్డుగా ఉండగా వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే ఆ క్షణంలో ఫ్లాష్ ఒకటి రెండుసార్లు వెలిగి మొరాయిస్తే ఏమవుతుందో వాళ్లలో చాలామందికి అనుభవమే. అందుకే అనుభవమున్న ఫోటోగ్రాఫర్ చొక్కా జేబులో మరో సెట్టు సిద్ధంగా ఉంటుంది. నీళ్లలో ఆ వెసులుబాటు లేదు. ఒకసారి దిగాక గంటసేపు మూత తెరవడానికి వీల్లేదు. ఉన్న నాలుగు సెల్లులతోనే నూటయాభై, రెండు వందల ఫోటోలు తీయాలి. చాలామంది రెండు స్ట్రోబులు వాడతారు కాబట్టి ఎనిమిది సెల్లులు. ఎనిమిదింట్లో ఏ ఒక్కటి కుంటినా ఫోటోలో ఒక పక్క చీకటే.

స్ట్రోబు సెల్లును అడిగేది ఏమిటో ఒక లెక్క వేసి చూడవచ్చు. పూర్తి బలంతో ఒక మెరుపుకు 60 జౌళ్ల శక్తి కావాలనుకుందాం. తక్కువ వోల్టేజిని సుమారు 300 వోల్టులకు పెంచే సర్క్యూట్‌లో మూడో వంతు వేడిగా పోతుంది కాబట్టి సెల్లుల నుంచి లాగాల్సింది 90 జౌళ్లు. అది రెండు సెకన్లలో జరగాలంటే 45 వాట్లు. వరసగా కలిపిన నాలుగు సెల్లులు ఇచ్చే ఐదు వోల్టుల దగ్గర ఇది సుమారు 10 ఆంపియర్లు. గోడ గడియారాన్ని ఏడాదిపాటు నడిపే సెల్లుకు, ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ 10 ఆంపియర్లు ఇవ్వాల్సిన సెల్లుకు పోలికే లేదు. పరిమాణం ఒకటే, పేరు ఒకటే, చేసే పని వేరు.

ఇక్కడే ఆల్కలైన్ సెల్లు చేతులెత్తేస్తుంది. దాని మీద 1.5 వోల్టులని ఉంటుంది, రీచార్జబుల్ మీద 1.2 అని. పైకి చూస్తే ఆల్కలైనే బలమైనదనిపిస్తుంది. సెల్లు లోపల కరెంటుకు ఉండే అడ్డంకి సంగతి పైన రాయరు. కొత్త ఆల్కలైన్ సెల్లులో అది సుమారు 0.15 ఓములు, మంచి నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులో 0.025 దరిదాపు. నాలుగు కలిపితే ఆల్కలైన్ అడ్డంకి 0.6 ఓములు. పది ఆంపియర్లు లాగితే ఉన్న ఆరు వోల్టులూ లోపలే ఖర్చవుతాయి, బయటికి ఏమీ మిగలదు. ఆ సెట్టు ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి సుమారు 15 వాట్లే. అంటే మెరుపుకూ మెరుపుకూ మధ్య కనీసం ఆరు సెకన్లు పడుతుంది, అదీ సెల్లులు కొత్తగా ఉన్నప్పుడు. రీచార్జబుల్ సెట్టులో లోపల పోయేది ఒక్క వోల్టు. మాండరిన్ చేపల జంట ఆరు సెకన్లు ఆగదు.

నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులతో టార్చిలైటు వేసుకుని పెరిగిన తరానికి సెల్లు అంటే ఖాళీ అయ్యాక పారేసే వస్తువు. ఆ అలవాటు ప్రకారం చూస్తే రీచార్జబుల్ అనేది పొదుపు కోసం వాడేది. స్ట్రోబుల విషయంలో మాత్రం పొదుపు రెండో లాభం. మొదటి లాభం కరెంటు.

రీచార్జబుల్ అన్నంత మాత్రాన సరిపోదు. నికెల్-కాడ్మియం సెల్లులు కరెంటు బాగానే ఇచ్చేవి గానీ వాటిలో పట్టేది తక్కువ, పైగా కాడ్మియం విషం. 1990 ప్రాంతంలో బజారుకొచ్చిన నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులు కెపాసిటీలో వాటిని దాటాయి. కానీ వాటికో పెద్ద జబ్బు ఉండేది. వాడకపోయినా వాటంతట అవే ఖాళీ అయ్యేవి, నెలకు 20 నుంచి 30 శాతం దాకా. ఇంటి దగ్గర చార్జి చేసి, రెండు వారాల తర్వాత సముద్రం దగ్గర తెరిచి చూస్తే ఎందులో ఎంత మిగిలిందో తెలిసేది కాదు. అంతకన్నా చిక్కు, నాలుగింటి చార్జీ ఒకే తీరుగా కారిపోదు. ఒకటి తొంభై శాతం దగ్గర, ఇంకొకటి అరవై దగ్గర ఉంటుంది.

ఆ జబ్బుకు మందు 2005 నవంబరులో జపాన్‌లో దొరికింది. సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే తెల్లటి సెల్లును బజారులోకి తెచ్చింది. లోపలి మిశ్రమ లోహం కూర్పునూ, రెండు ధ్రువాల మధ్య ఉండే పొరనూ మార్చి, చార్జి కారడాన్ని చాలావరకు తగ్గించింది. చార్జి చేసి అమ్మినవి కాబట్టి కొన్నరోజే వాడుకోవచ్చు. తొలి తరం సెల్లును వెయ్యిసార్లు చార్జి చేయవచ్చని చెప్పారు. తరం మారేకొద్దీ ఆ సంఖ్య 1500, 1800 దాటి 2013లో 2100కు చేరింది. పూర్తిగా చార్జి చేసి పెడితే పదేళ్ల తర్వాత కూడా 70 శాతం మిగులుతుందన్నది కంపెనీ మాట. ప్రయోగశాల లెక్క అన్ని ఇళ్లలోనూ కుదరదు. అయినా ఏడాది తర్వాత సొరుగులోంచి తీసిన సెల్లుతో ఫ్లాష్ వెలగడం వాడినవాళ్లంతా చూసిందే.

తరువాతి కథ కొనేవాళ్లు తెలుసుకోవాల్సిందే, ఎందుకంటే దుకాణంలో కనిపించే పేర్ల అయోమయం అక్కడి నుంచే మొదలైంది. పానాసోనిక్ కంపెనీ సాన్యోను తన చేతిలోకి తీసుకుంటున్నప్పుడు, ఒకే చేతిలో మార్కెట్ అంతా పడుతుందని పోటీ నియంత్రణ సంస్థలు అడ్డుచెప్పాయి. దాంతో ఎనెలూప్ పుట్టిన తకసాకీ కర్మాగారం 2010లో ఫుజిత్సు కుటుంబానికి చెందిన ఎఫ్‌డీకే కంపెనీ చేతికి వెళ్లింది. ఎనెలూప్ పేరు మాత్రం పానాసోనిక్ దగ్గర ఉండిపోయింది. అందువల్ల పేరు వేరైనా తకసాకీ నుంచి వచ్చిన ఫుజిత్సు సెల్లులు కూడా ఆ వంశానివే. దీన్ని బట్టి కొనేవాడు చూడాల్సింది రంగు, బొమ్మ కాదు. ఎక్కడ తయారైందన్న చిన్న అక్షరాలు చూడాలి. జపాన్ ముద్ర ఉన్న తక్కువ-కారుడు సెల్లుకు మిగతావాటికన్నా ఎక్కువ నమ్మకం ఉంది. స్ట్రోబులు వాడేవాళ్ల అనుభవం ఏళ్ల తరబడి అదే చెబుతోంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మామూలు 2000 ఎంఏహెచ్ (మిల్లీయాంపియర్-అవర్) సెల్లా, నలుపు రంగు ప్రో రకం 2500 సెల్లా? అంకె పెద్దదైతే మంచిదనుకోవడం సహజం. లోపలి సంగతి వేరు. డబ్బా సైజు మారనప్పుడు ఎక్కువ చార్జి పట్టాలంటే లోపలి పొరలు పలచబడాలి, ఖాళీ తగ్గాలి. అందుకే ప్రో రకానికి కంపెనీ చెప్పే ఆయుష్షు 500 చార్జీలే, మామూలు దానికి 2100. నిలవ ఉంచినప్పుడు ప్రో రకం ఏడాదికి 85 శాతం దగ్గర ఉంటుంది. కొత్తగా ఉన్నన్నాళ్లూ ప్రో సెల్లు ఒక డైవ్‌లో మరో పాతిక శాతం మెరుపులు ఇస్తుంది, అందులో సందేహం లేదు. రోజుకు నాలుగు డైవ్‌లు చేస్తూ, మధ్యలో సెల్లులు మార్చే తీరిక లేనివాళ్లకూ, ప్రతి ఫోటోకూ పూర్తి బలం వాడే వైడ్-యాంగిల్ వాళ్లకూ అది పనికొస్తుంది. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చేసేవాళ్లు 2000 రకాన్నే ఎంచుకోవాలి. అది మెల్లగా ముసలిదవుతుంది, నాలుగూ కలిసి ముసలివవుతాయి. డైవ్ ముగిసేసరికి మిగిలే చార్జికన్నా ఈ రెండో గుణం విలువైనది.

నాలుగూ కలిసి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నమ్మకం ఒక సెల్లులో ఉండదు, నాలుగింటి పొత్తులో ఉంటుంది.

నాలుగు సెల్లులు వరసగా కలిసి ఉన్నప్పుడు ఒకే కరెంటు అన్నింటిలోంచీ పారుతుంది. వాటిలో ఒకటి నీరసంగా ఉందనుకుందాం. మిగతా మూడింటి చార్జి సగం ఉండగానే ఆ నాలుగోది ఖాళీ అవుతుంది. స్ట్రోబుకు ఆ సంగతి తెలియదు. మూడు సెల్లుల బలంతో కరెంటును లాగుతూనే ఉంటుంది. ఖాళీ అయిన సెల్లు గుండా ఆ కరెంటు బలవంతంగా పారేసరికి దాని ధ్రువాలు తారుమారవుతాయి. పైకి ఏమీ కనిపించదు, స్ట్రోబు కాస్త ఆలస్యంగా వెలుగుతుంది, అంతే. లోపల మాత్రం ఆ సెల్లు దెబ్బతిని, హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆ సెల్లు చార్జర్‌లో పెట్టిన కొద్దిసేపటికే నిండిందంటుంది, వాడిన కొద్దిసేపటికే ఖాళీ అంటుంది. దాన్ని గుర్తించకుండా వేరే సెట్టులో కలిపితే ఆ సెట్టు పనీ అంతే.

హైడ్రోజన్ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. గాలిలో నాలుగు శాతం కలిసినా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మామూలు ఫ్లాష్‌లో అయితే వాయువు సందుల్లోంచి పోతుంది. స్ట్రోబు బ్యాటరీ గదిని ఓ-రింగు అనే రబ్బరు వలయంతో గాలి కూడా చొరబడకుండా మూస్తారు, నీటిని ఆపేది లోపలి వాయువునూ ఆపుతుంది. మూసి ఉన్న డైవింగ్ టార్చిలు ఈ కారణంగా పేలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే కొన్ని పాత టార్చిలలో హైడ్రోజన్‌ను తిరిగి నీటిగా మార్చే ఉత్ప్రేరకపు గుళికలు పెట్టేవారు. కొన్ని స్ట్రోబుల మూతకు ఒత్తిడిని వదిలే వాల్వు ఉంటుంది. వాడేవాళ్లు పాటించాల్సింది మూడు సంగతులు. చార్జర్‌లోంచి వేడిగా తీసిన సెల్లులను వెంటనే మూసి బిగించకూడదు, చల్లబడనివ్వాలి. వాడకం అయ్యాక సెల్లులు తీసేసి, మూత వదులుగా ఉంచాలి. డైవ్ తర్వాత మూత బిగిసిపోయి తిరగనప్పుడు ముఖం దగ్గర పెట్టుకుని బలంగా తిప్పకూడదు. లోపల ఒత్తిడి ఉండొచ్చు.

సెట్టును కలిపి ఉంచడం కష్టమేమీ కాదు. నాలుగూ ఒకేరోజు, ఒకే పెట్టెలోంచి కొనాలి. శాశ్వత ఇంకు పెన్నుతో ఒక్కొక్క సెల్లు మీద ఏ-1, ఏ-2 అని, కొన్న నెల, సంవత్సరం రాయాలి. ఏ-సెట్టులోని సెల్లులను ఎప్పుడూ కలిపే వాడాలి, కలిసే చార్జి చేయాలి, ఒక డబ్బాలోనే దాచాలి. టీవీ రిమోట్ పనిచేయడం లేదని ఇంట్లో పిల్లలు ఒకటి తీసుకున్నారంటే ఆ సెట్టు ఇక సెట్టు కాదు. ఏడాదికి రెండుసార్లు, పెద్ద ప్రయాణానికి ముందు తప్పనిసరిగా, సెల్లుల కెపాసిటీని కొలిచే చార్జర్‌లో పెట్టి చూడాలి. పవరెక్స్ సీ-9000, ఓపస్, స్కైఆర్‌సీ లాంటివి ఒక్కొక్క సెల్లును నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపి, అది ఎంత ఇచ్చిందో అంకెలో చూపిస్తాయి. 1950, 1940, 1960, 1480 అని వచ్చాయనుకోండి, ఆ నాలుగోది మరుసటి ప్రయాణానికి పనికిరాదు. రాత్రంతా పట్టే పరీక్షే అయినా, సముద్రం మధ్యలో కన్నా ఇంటి బల్ల మీద తెలియడం మంచిది.

చార్జర్ ఎంపికలో జనం చేసే పొరపాటు సెల్లుల ఎంపికలోకన్నా పెద్దది. సెల్లులతో ఉచితంగా వచ్చే చౌక చార్జర్లు రెండేసి సెల్లులను జంటగా కలిపి, ఇన్ని గంటలని గడియారం ప్రకారం నింపుతాయి. ఒకటి నిండి మరొకటి నిండకపోయినా వాటికి తెలియదు. నిండిన సెల్లులోకి ఇంకా కరెంటు పోతే అది వేడిగా మారుతుంది, సెల్లు ఉడుకుతుంది. మంచి చార్జర్ ఒక్కొక్క సెల్లును విడిగా చూస్తుంది. నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు నిండగానే దాని వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు పడుతుంది. ఆ చిన్న పడిపోవడాన్ని పట్టుకుని చార్జర్ ఆగిపోతుంది. మరీ మెల్లగా నింపితే ఆ సంకేతం కనిపించనంత చిన్నదవుతుంది, మరీ వేగంగా నింపితే వేడి. 2000 సెల్లుకు 700 మిల్లీయాంపియర్ల నుంచి ఒక ఆంపియర్ దాకా పెట్టుకుంటే హాయి. పానాసోనిక్ సొంత చార్జర్లలో నాలుగు సెల్లులను మూడు గంటల్లో నింపేదీ, ఏడు గంటలు తీసుకునేదీ రెండూ ఒక్కొక్కదాన్ని విడిగానే చూస్తాయి. పదిహేను నిమిషాల చార్జర్లు అనేవి అత్యవసరానికి మాత్రమే.

నకిలీల బెడద వేరే. ఆన్‌లైన్‌లో 3500 ఎంఏహెచ్ అని రాసి పావు ధరకు అమ్మే పెన్సిల్ సెల్లులు కనిపిస్తాయి. ఈ సైజు నికెల్ సెల్లులో ఎంత కుక్కినా పట్టేది 2700కు అటూఇటూగానే. 3500 అన్న అంకె అబద్ధమే. అచ్చం ఎనెలూప్‌లా తెల్లటి తొడుగు వేసినవీ ఉన్నాయి. వంటింటి త్రాసు ఉంటే తూచవచ్చు. అసలైన 2000 సెల్లు 26, 27 గ్రాములు తూగుతుంది, ప్రో రకం 30 దగ్గర. 18 గ్రాములు చూపిస్తే లోపల పదార్థమే లేదని అర్థం.

ఇక లిథియం. ఈ దశాబ్దంలో కొత్తగా వస్తున్న స్ట్రోబులు కొన్ని పెన్సిల్ సెల్లులను వదిలి దానివైపు వెళ్లాయి. అమెరికాలోని బ్యాక్‌స్కాటర్ తెచ్చిన హైబ్రిడ్ ఫ్లాష్ రెండు 21700 సెల్లులతో నడుస్తుంది. ఐకలైట్ చాలాకాలంగా సొంత బ్యాటరీ ప్యాకులతోనే పెద్ద స్ట్రోబులు చేస్తూ వచ్చి, ఇటీవలి మోడల్‌లో లిథియానికి మారింది. స్లొవేనియాకు చెందిన రెట్రా మాత్రం కొన్ని మోడళ్లలో నాలుగు పెన్సిల్ సెల్లులనే ఉంచి, కావాలంటే మరో నాలుగు తగిలించే సూపర్‌చార్జర్ ఇచ్చింది. జపాన్ కంపెనీలైన ఇనాన్, సీ అండ్ సీ లు తమ ప్రధాన మోడళ్లను నాలుగు పెన్సిల్ సెల్లుల మీదే కట్టాయి. దీనిలో సౌకర్యం ఉంది. ప్రపంచంలో ఏ దీవిలో అయినా, ఏదీ దొరక్కపోయినా, పెన్సిల్ సెల్లు దొరుకుతుంది.

21700 అంటే 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. ఇక్కడా పెద్ద అంకె వ్యామోహం పనిచేయదు. సామ్‌సంగ్ 50ఈ అనే సెల్లులో 5000 ఎంఏహెచ్ పడుతుంది కానీ నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 10 ఆంపియర్లే. తైవాన్‌కు చెందిన మోలిసెల్ పీ42ఏ లో పట్టేది 4200 మాత్రమే, కానీ 45 ఆంపియర్ల దాకా ఇస్తుంది. స్ట్రోబుకు ఏది కావాలో దాని తయారీదారు చెబుతాడు, ఆ మాట పక్కన పెట్టి సొంత తెలివి చూపించే చోటు కాదిది. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లులు కొన్ని మిల్లీమీటర్లు పొడవెక్కువ. లోపల పట్టకపోతే బలవంతంగా నొక్కకూడదు. 18650 అనే మరో లిథియం సైజులో 9900 ఎంఏహెచ్ అని రాసినవి సముద్రంలోకి కాదు, ఇంట్లోకే రానివ్వకూడదు.

పెన్సిల్ సెల్లు సైజులోనే దొరికే లిథియం రకాల గురించి హెచ్చరిక అవసరం. 14500 అనేది అదే పొడవు, అదే లావు, వోల్టేజి మాత్రం 3.7. నాలుగు పెట్టారంటే ఐదు వోల్టుల కోసం చేసిన సర్క్యూట్‌లోకి పదిహేను వోల్టులు పోతాయి, స్ట్రోబు అక్కడితో సరి. యూఎస్‌బీ తీగతో చార్జి అయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్లుల లోపల వోల్టేజి తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది ఇవ్వగలిగే కరెంటుకు హద్దు ఉంది, ఆ హద్దు దాటగానే మొత్తం ఆగిపోతుంది. చివరి వరకూ నిండుగా కనిపించి, ఒక్కసారిగా ఆరిపోతుంది. నికెల్-జింక్ సెల్లులు 2010 ప్రాంతంలో ఫ్లాష్ వాడేవాళ్లను ఆకర్షించాయి. చార్జర్‌లోంచి తీసినప్పుడు 1.8 వోల్టులు దాటి ఉండేవి కాబట్టి ఫ్లాష్ చకచకా సిద్ధమయ్యేది. ఆ వేగానికి స్ట్రోబు లోపలి భాగాలు వేడెక్కేవి, సెల్లులూ త్వరగా చచ్చిపోయేవి. తయారీదారు పుస్తకంలో పేరు లేని రకాన్ని వేసి పాడుచేసుకుంటే వారంటీ అడిగే హక్కు ఉండదు.

లిథియంతో భయపడాల్సింది చార్జి చేసే చోటు. 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవకు నిప్పంటుకుంది. కింది డెక్కులో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. నిప్పు ఎలా పుట్టిందో అమెరికా రవాణా భద్రతా మండలి కచ్చితంగా తేల్చలేకపోయింది. బ్యాటరీలు చార్జి అవుతున్న చోటు పరిశీలించిన కారణాల్లో ఒకటి. రాత్రి కాపలా తిరిగే మనిషి లేకపోవడాన్ని మండలి తీవ్రంగా ఎత్తిచూపింది. అప్పటి నుంచి అనేక పడవలు రాత్రిపూట గమనించేవాళ్లు లేకుండా చార్జి చేయనివ్వడం లేదు. ఇది విసుగనిపించినా గౌరవించాల్సిన నియమం. విమానంలోనూ విడి లిథియం సెల్లులు చేతి సంచిలోనే వెళ్లాలి, సామాను పెట్టెలో వేయకూడదు. 100 వాట్-అవర్ల దాకా విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు. 21700 సెల్లు ఒక్కోటి 18 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది ఉండదు. నికెల్ సెల్లులకు ఆ బాధ లేదు గానీ, సంచిలో తాళాలు, నాణేలతో కలిపి వేస్తే అవీ షార్ట్ అయి కాలగలవు. పది రూపాయల ప్లాస్టిక్ డబ్బా చాలు.

మన దగ్గర డైవింగ్ అంటే ఎక్కువమందికి అండమాన్, లక్షద్వీప్, నేత్రాణి, ఈ మధ్య విశాఖ రుషికొండ. అండమాన్‌లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. స్వరాజ్ ద్వీప్‌లో ఉన్నవాళ్లు రాత్రి చార్జర్ పెట్టి పడుకుని, తెల్లారి చూస్తే మధ్యలో కరెంటు పోయిన సంగతి తెలియకపోవచ్చు. అందుకే రెండు స్ట్రోబులకు రెండేసి సెట్లు, అంటే మొత్తం పదహారు సెల్లులు పెట్టుకోవడం మంచిది. ఒక సెట్టు నిన్న నిండింది, ఇంకొకటి ఇవాళ నిండుతోంది. మన వేడి కూడా లెక్కలోకి రావాలి. ఏప్రిల్ ఎండలో మూసిన కారులో వదిలేసిన సెల్లుల ఆయుష్షు కళ్లముందే కరిగిపోతుంది, ఎందుకంటే ప్రతి పది డిగ్రీలకూ లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. చార్జి కారే వేగమూ అంతే పెరుగుతుంది. నికెల్ సెల్లులను నీడన, గది వేడిలో ఉంచితే చాలు. లిథియం సెల్లులను చాలా రోజులు వాడకపోతే సగం చార్జి దగ్గర ఆపి దాచాలి.

ఉప్పునీరు లోపలికి వస్తే? ఓ-రింగు మీద వెంట్రుక మందం ఇసుకరేణువు ఉన్నా అది జరుగుతుంది. అప్పుడు సెల్లుల దగ్గర తెల్లటి నురగ, సన్నటి బుసబుస. నికెల్ సెల్లుల్లోని ద్రవం క్షారం, చేతికి తగిలితే కాలుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకుని, మూతను ముఖానికి దూరంగా నెమ్మదిగా విప్పి, ఒత్తిడి పోయాక సెల్లులు తీసేయాలి. బ్యాటరీ గదిని మంచినీళ్లతో కడిగి, రాగి కొసల మీద పట్టిన తెల్లటి పొరను వెనిగర్ చుక్కతో తుడిచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. బ్యాటరీ గదిని లోపలి సర్క్యూట్ నుంచి వేరు చేసిన మోడళ్లలో స్ట్రోబు బతుకుతుంది. ఆ సెల్లులను మాత్రం ఎంత కొత్తవైనా మళ్లీ వాడకూడదు.

కెపాసిటీ 80 శాతానికి, అంటే 2000 సెల్లు 1600కు పడిపోయాక దాన్ని సముద్రం నుంచి విరమింపజేయాలి. ఇంట్లో ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. గోడ గడియారం, రిమోట్, పిల్లల బొమ్మ కారు పది ఆంపియర్లు అడగవు. సెల్లు మీద రాసిన ఏ-1 ని గీత కొట్టేసి ఇల్లు అని రాస్తే అది మళ్లీ పొరపాటున డైవింగ్ సంచిలోకి రాదు. అక్కడా పనికిరానప్పుడు చెత్తబుట్టలో వేయకుండా, కొసలకు టేపు అంటించి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని సేకరించి తిరిగి లోహంగా మార్చే బాధ్యత తయారీ, దిగుమతి సంస్థలదే.